బదిలీ కాని పావురాలు

సభకు పెద్దగా కూర్చున్న మేనేజరు గారికి, పక్కనున్న యూనియన్ కార్యదర్శి గారికి, ముందు వరసలో ఉన్న మా చెల్లెమ్మకి, మా మేనకోడలికి, షిఫ్టు దిగి మొహం కూడా కడుక్కోకుండా వచ్చిన రంగుల సెక్షన్ వాళ్ళకి, అందరికీ నమస్కారం.

ముందే ఒక క్షమాపణ. నాకు మాట్లాడటం రాదు కాబట్టి రాసుకొచ్చాను. రాయడం కూడా రాదని రాశాక తెలిసింది. (నవ్వులు) ఊరి బడిలో నేర్పినంతే నా చదువు. అక్షరాలు వంకర, ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు. మధ్యలో ఆగిపోతే ఏడుస్తున్నానని అనుకోకండి, నా రాత నాకే తెలియలేదని అనుకోండి.

చెప్పవలసింది మా బావ గురించి. బావ అంటే నిజం వరస కాదు. మిల్లులో నా మొదటి రోజున నన్ను రంగు తొట్టి ముందు నిలబెట్టి, చేతికి కర్ర ఇచ్చి, "బట్టని కొట్టకు బావా, బుజ్జగించు" అన్నాడు. ఆ మాటతో కుదిరిన వరస అది. అలా ఆయన భార్య నాకు చెల్లెమ్మ అయింది, కూతురు మేనకోడలైంది. పోయిన నెల ఆయన రెండో షిఫ్టు కూడా చేసి ఇంటికి వెళ్ళి, డాబా మెట్ల మీద కాసేపు కూర్చుంటానని కూర్చుని, మళ్ళీ లేవలేదు.

కార్యదర్శి గారు ఇందాక "పావురాల పెంపకం ఆయన అభిరుచి" అన్నారు. మంచి మాట. బతికుండగా ఎవరం అలా అనలేదు, పావురాల పిచ్చి అన్నాం. ఆఫీసు వాళ్ళు చేస్తే అభిరుచి, తొట్ల దగ్గర వాళ్ళు చేస్తే పిచ్చి. (నవ్వులు) కాంటీన్ ఆయనా, ఆ గ్లాసులు కాసేపు ఆపు నాయనా, నా గొంతే నాకు వినపడటం లేదు.

ఆయన కష్టం గురించి పెద్దలు చెప్పారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కూతురి చదువు ఖర్చు మీద పడినా, చెల్లెమ్మకి జబ్బు చేసినా, ఇంటి కప్పు కారినా, ఆయనకి తెలిసిన మందు ఒక్కటే, రెండో షిఫ్టుకి కూడా ఉండిపోవడం. కూతురు చిన్నప్పుడు పొద్దున్నే దానికి జడ వేసి వచ్చేవాడు, వేళ్ళ రంగు రిబ్బన్లకి అంటుకోకుండా చేతులకి పాత సాక్సులు తొడుక్కుని వేసేవాడట. రంగు పోయేది కాదు. మోచేతుల దాకా ఉండేది. ఆ వారం సెక్షన్‌లో ఏ రంగు నడిచిందో ఆయన తెల్ల పావురాలను చూస్తే తెలిసేది, పట్టుకున్న చోటల్లా వేళ్ళ అచ్చులు. ఆకుపచ్చ నడిచిన వారం చెల్లెమ్మ నన్ను పిలిచి, "అన్నయ్యా, మీ బావ పెంచేది పావురాల్నా, చిలకల్నా?" అని అడిగింది. (నవ్వులు)

మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మేనకోడలు ఒక మాట అంది. "మావయ్యా, నాన్న మా కోసం కష్టపడ్డాడు, కాదనను. కానీ ఇంటికొచ్చి మా మొహమైనా చూడకుండా డాబా పైకెళ్ళిపోయేవాడు. ముందు పావురాలు, తర్వాతే మేము." నాకు మాట ఎప్పుడూ వీధి మలుపు తిరిగాకే తడుతుంది. ఇప్పుడు చెబుతాను, విను తల్లీ.

తొట్ల దగ్గర మాట పడని రోజు ఉండదు. రంగు తేలిపోతే తిట్లు, ముదిరితే తిట్లు, సరిగ్గా కుదిరితే ఆలస్యమైందని తిట్లు. ఒకసారి నేను అడిగాను, "ఇంత అలిసిపోయి మళ్ళీ ఆ మెట్లెందుకు బావా, ఇంట్లో కాళ్ళు చాపుకోవచ్చుగా" అని. "ఈ మొహం పెట్టుకుని పిల్ల దగ్గరికి ఎలా వెళ్ళను? ఊరికే కసురుకుంటాను. పైన కాసేపు కూర్చుంటే దిగిపోతుంది" అన్నాడు.

అమ్మా, మీ నాన్న నిన్ను ఎప్పుడైనా కసిరాడా?

(విరామం)

లేదని తల ఊపుతోంది. అదీ సంగతి. పూర్తిగా అదే కారణం అని చెబితే మాత్రం ఆయనే ఒప్పుకోడు. కూరలు తెమ్మని చెల్లెమ్మ సంచీ తీసినా ఆయన పైకే వెళ్ళేవాడు. (నవ్వులు)

ఇప్పుడు నేను ఇక్కడ నిలబడ్డ పని చెబుతాను. ఆ ఇల్లు మిల్లుది. సోమవారం ఖాళీ చేయాలి. చెల్లెమ్మ వేరే చోట అద్దెకుంటున్న కూతురి దగ్గరికి వెళ్తోంది, అక్కడ డాబా వీళ్ళది కాదు. ఈ డాబా మీది గూళ్ళు పీకేయమని ఆఫీసు మనిషి వచ్చి చెప్పి వెళ్ళాడు. సరేనని చెల్లెమ్మ పావురాలను పక్క ఊళ్ళో పెంచే ఒకాయనకి ఇచ్చేసింది. ఆయన కొన్నాళ్ళు మూసి ఉంచి, అలవాటు పడ్డాయిలే అని తలుపు తీశాడు. ఆయన టీ చల్లారేలోపు అవి మళ్ళీ ఈ డాబా మీదే దిగాయి. "అత్తారింట్లో సర్దుకోలేక వచ్చేసిన ఆడపిల్లల్లా వరసగా కూర్చున్నాయి అన్నయ్యా, ఏం చేయను?" అని ఫోన్ చేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

ఈ జాతి పావురం అంతే. మొదటిసారి ఏ డాబా మీంచి ఎగిరిందో అదే దాని ఇల్లు. ఎగరని పిల్లలని తీసుకెళ్తే కొత్త చోటు పడుతుంది, పెద్దవాటికి పడదు. బదిలీ కాగితం వచ్చిందని వాటికి చదివి వినిపించలేం. గూళ్ళు తీసేస్తే అవి రావడం మానవు, వచ్చి దిగడానికి చోటుండదు, అంతే.

ఆ ఇంట్లోకి రాబోయేది బాయిలర్ దగ్గర కొత్తగా చేరిన ఆయన. అదిగో, తలుపు దగ్గర నిలబడ్డాడు. గూళ్ళు ఉండనిస్తావా అని నిన్న అడిగాను. "నాకేం అభ్యంతరం లేదు పెద్దాయనా, మా ఆవిడే... ఆరేసిన బట్టలు పాడుచేస్తాయేమోనని" అన్నాడు. బట్టలారేసే తీగ డాబా మీద కాకుండా కింద పెరట్లో కట్టిస్తానని చెప్పాను. "అయితే మేనేజరు గారు ఊ అంటే నేనూ ఊ" అన్నాడు. కాదంటావా బాబూ? (వెనక నుంచి: "కాదనను!")

పైకెక్కి గింజలు ఎవరు వేస్తారని మీరు అడుగుతారు. నేనే. నాకు పావురాలంటే ఇష్టమేమీ లేదు, ఈక ఎగిరితే తుమ్ములొస్తాయి. మోకాళ్ళు మెట్లు వద్దంటున్నాయి. నిజం చెప్పాలంటే నేను చాలా అలిసిపోయాను. రిటైరయ్యాక ఎవరూ నాకు ఏ పనీ చెప్పకపోతే చాలనుకున్నవాణ్ణి. అయినా ఆ డాబా మీద ఎవరూ లేరనుకుంటే నాకు అన్నం సయించడం లేదు. ఉన్న పావురాలు ఉన్నంతకాలం ఆ గూళ్ళు ఉండనివ్వండి. కొత్త పిల్లలు పుడితే ఎగరకముందే పక్క ఊరాయనకి ఇచ్చేస్తాను.

మేనేజరు గారూ, మీరు మంచివారు. ఇందాక వరండాలో అడిగితే "చూద్దాం" అన్నారు. ఈ మిల్లులో "చూద్దాం" అంటే ఏమిటో ఈ హాల్లో అందరికీ తెలుసు. (నవ్వులు, చప్పట్లు) కోపం తెచ్చుకోకండి. మా బావ కోసం ఇంతమందిని కూర్చోబెట్టారు, నాలాంటివాడిని మాట్లాడనిచ్చారు, మీకు, ఓపిగ్గా విన్న మీ అందరికీ దణ్ణం. ఈ కాగితం మీ చేతికే ఇస్తాను, తప్పులు దిద్దుకుని ఇంకోసారి చదవండి. జవాబు మాత్రం త్వరగా, వీలైతే ఈ సభ లేచేలోపే చెప్పండి. సరేనంటే సంతోషం. కాదంటే, సోమవారం సాయంత్రం ఎవరో ఒకరు ఆ డాబా మీద నిలబడి, వచ్చిన వాటిని వచ్చినట్టు తోలేయాలి. ఆ పని నా వల్ల కాదు. దానికి వేరే మనిషిని చూసుకోండి.

సెలవు.