నాలుగోసారి మాస్కు

ఆపరేషన్ థియేటర్ తలుపు ముందు చక్రాల మంచం ఆగింది. దాని మీద ఎనిమిదేళ్ల పాప ఒక్కతే ఉంది. మత్తు డాక్టరు స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"ఏం భయం లేదు తల్లీ."

"భయం మాట మీరే ఎత్తారు. నేనెత్తలేదు."

"అమ్మో! నిజమే, తప్పు నాదే. ఇదిగో, ఈ మాస్కు..."

"స్ట్రాబెర్రీ వాసనొస్తుందంటారు. మూడుసార్లు పెట్టించుకున్నాను. ప్లాస్టిక్ వాసనే."

"అవును, ప్లాస్టిక్ వాసనే. ముక్కు మీద చల్లగా తగులుతుంది. ఊదితే ఈ బెలూను ఉబ్బుతుంది."

"ఉబ్బితే ఏం లాభం? ఇంటికివ్వరుగా!"

"ఇవ్వం. మాస్కు నన్ను పట్టుకోమంటావా, నువ్వే పట్టుకుంటావా?"

"నేనే. లేచేసరికి నాన్న వచ్చేస్తాడా?"

"తెలీదమ్మా. నాన్న నడిపే లారీ ఇంకా దారిలోనే ఉందట."

"నాకున్నది నాన్నొక్కడే. పోయినసారి డాక్టరు 'ఉంటాడు, ఉంటాడు' అన్నాడు. కళ్లు తెరిస్తే గోడ ఉంది."

"నాన్న సంగతి నేను చెప్పలేను. నేను మాత్రం ఉంటాను."

"ఒట్టు?"

"ఒట్టు."

"మీరు పొద్దున లేచేసరికి మీ ఇంట్లో ఎవరుంటారు?"

"మా ఇంట్లోనా? చాలామంది..."

"నిజం చెప్పాలి. ఇందాకట్లా."

"...గోడేనమ్మా."

"ఎన్నాళ్లనుంచి?"

"నీ వయసంత కాలం నుంచి."

పాప మాస్కు అందుకుని తనే ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"అయితే నేను లేచాక చప్పున వెళ్లిపోకండి. నాన్న వచ్చేదాకా మీకు తోడుంటాను."