పాపాయి మందారం

కాదండీ మేడమ్ గారూ, ఆ ఫారం మీద ఈ కొత్త మొక్క పేరు సాయిసుధ అని రాయడానికి వీల్లేదు. సాయిసుధ మా యజమాని గోపాలకృష్ణమూర్తి గారి మనవరాలు. నర్సరీ ఆయనది, ఒప్పుకుంటాను. ఈ తెల్లాకు మందారం మాత్రం నాది.

మీలాంటి పెద్ద చదువులావిడ వచ్చి మొక్కని పరీక్షిస్తారంటే, వీరాస్వామికేం తెలుసులే అని నన్ను మడి బయటే నిలబెట్టారు. తొమ్మిదేళ్ళ కిందట పచ్చ మందారానికి ఒకే ఒక్క తెల్లకొమ్మ వేస్తే, "తెగులురా, కోసి పారెయ్" అన్నది ఎవరనుకున్నారు? ఆయనే. ఇప్పుడు దీనికోసం పూనా నుంచి లారీలొస్తుంటే మనవరాలు గుర్తొచ్చింది.

మీరేమో తెగులు కాదంటున్నారు. జన్యువులో ఎక్కడో చిన్న మార్పొచ్చింది, దాంతో పచ్చదనానికి కావలసిన ప్రోటీన్ సరిగ్గా తయారవలేదు, అంతే అంటున్నారు. ఆ మాట ఆయనతో చెప్పండి, నా ఎదురుగా.

తెల్లాకు సొంతంగా తిండి చేసుకోలేదండి. పచ్చ మొక్క మీద అంటు కట్టాలి. ఎండ తగలకుండా షేడ్‌నెట్ వల కింద పెట్టాలి. పచ్చ చిగురు వేస్తే పొద్దున్నే గిల్లెయ్యాలి, లేకపోతే అదే మొత్తం కమ్మేస్తుంది. తొమ్మిదేళ్ళు గిల్లాను. ఆయన గోటికి ఎప్పుడైనా పసరంటిందా?

పాపాయి అని రాయండి. అదుగో, అట్టముక్క ముక్కుకి ఆనించుకుని మొక్కల పేర్లు రాస్తోందే, నా కూతురు. ఒళ్ళూ జుట్టూ కనురెప్పలూ అన్నీ తెలుపే. ఎండకి ఆగలేదు.

ఏంటండీ, అదీ ఇలాంటిదేనా? ఒంటికి రంగు చేసే ప్రోటీన్ పాడయిందా? తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ రావాలా? నా నుంచి కూడానా?

మళ్ళీ చెప్పండి.

దాని తల్లిని అన్నానండి, ముప్పై ఏళ్ళు. గ్రహణంలో బయట తిరిగావు, మీ పుట్టింటి వైపే ఉంది ఈ పాడు అని. పోయేదాకా అంటూనే ఉన్నాను. ఒక్కసారీ ఎదురు చెప్పలేదు మనిషి.

సరే, అది నా సంగతి. మీరు రాయండి. నా పేరక్కర్లేదు, పాపాయి పేరు చాలు. ఆయన అడిగితే వీరాస్వామే రాయించాడని చెప్పండి. పనిలోంచి తీసేస్తే తీసేస్తాడు.

ఏమనుకోకండమ్మా. ఈ కొమ్మ కోసిన పూటే తడి గోనెలో చుట్టి, గుండెలకి ఆనించుకుని ఇంటికి తీసుకెళ్ళాను.

పిల్లని ఎత్తుకోడానికి మాత్రం నాకు రెండేళ్ళు పట్టింది.