మక్కలల్ల తెగిన గీత

"తాతా, నీ ఎడమ చెప్పొక్కటే ముంగట గంత అరిగిందేంది?"

గా కాలు ఇంకా ఈడుస్త గద బిడ్డా, గందుకే. కుడిది మంచిగనే లేస్తది. రెండూ లేవని దినాలుండె. నువ్వు గప్పుడు హాస్టల్ల ఉంటివి, నీకు ఎరుకలేదు.

పసుపు బస్తాలు ట్రాలీకి ఎక్కిస్తున్నం. గా ఏడు పసుపుకు ధరనే లేకుండె, మీ నాయిన వద్దంటనే ఉన్నడు... గది ఇడిసిపెట్టు. బస్తా జారింది, దానెంబడి నేను జారిన. కాదు కాదు, ముందుగాల నేనే జారిన, బస్తా నా మీద వడ్డది. నడుం పూస ఇరిగి లోపల నరం నలిగిందన్నరు. హైదరాబాద్ దవాఖానల ఆపరేషన్ చేసిండ్రు. "నరం తెగలే. నడిస్తే నడుస్తవు, లేకుంటే లేదు" అన్నడు డాక్టరు. గా మాట నాకు నచ్చింది, అబద్ధం జెప్పలే.

జక్రాన్‌పల్లి నుంచి ఫిజియో సారు వచ్చి నిలవడుడు నేర్పిండు. నిలవడుతుంటి గని అడుగు లేవకపోయేది, ఈడ్సుడే. వాకిట్లకు మాత్రం రానంటి. తొవ్వెంట పొయ్యేటోళ్లు చూస్తరని సిగ్గు.

గప్పుడే మక్కజొన్న కంకులు మిషన్ల పట్టించి, మక్కలు వాకిలి నిండ ఆరబోసిండ్రు. మక్కలు ఆరాలంటే ఎట్ల కలెదిప్పుతరు చెప్పు? కాళ్లు లేపకుంట ఈడ్సుకుంట పోవాలె గద, కాళ్లెంబడి మక్కలల్ల రెండు గీతలు పడుతయ్. మీ నానమ్మ నా నడుముకు తువాల కట్టి ఎనకకెల్లి పట్టుకున్నది. "గోడ పట్టుకొని నడువు. మక్కలల్ల అందరు ఈడ్సుకుంటనే నడుస్తరు, నిన్నెవరు చూస్తరు?" అన్నది. నిజమే. తొవ్వెంట పొయ్యేటాయన ఒకడు "ఆరినయా కాకా?" అని మక్కల సంగతే అడిగి పోయిండు. నా పానం నిమ్మళమైంది.

మక్కలు ఎప్పుడో ఎండినయ్. మీ నాయిన ఎత్తనీకి బస్తాలు తెస్తే, "ఇంకా పచ్చిగున్నయ్" అని మీ నానమ్మ ఎల్లగొట్టేది.

ఒకనాడు ఎనకకెల్లి తిట్టవట్టింది. "గిదేం కలెదిప్పుడు? గీత నడుమల తెగిపాయె, గక్కడ మక్కలు గట్లనే ఉన్నయ్." ఎనకకు మర్లి చూసిన. ఎడమకాలు గీత పొడుగూత ఉన్నది. కుడికాలుది ఒక్కకాడ ఆగి, జరంత ఇడిసి, మళ్ల మొదలైంది.

ఇద్దరం గట్లనే చూస్తున్నం. గక్కడ కాలు లేసింది బిడ్డా. ఆమె పట్టిన తువాల జర వదులైంది, నాకు నడుంకాడ తెలిసింది. "ఇగ మక్కలు ఎత్తుమని నీ కొడుకుకు చెప్పు" అన్నది.

ఆ... గా చెప్పు పారెయ్యకు, ఇంకొన్ని దినాలొస్తది. నీ కాళ్లు సల్లగుండాలె, పో, అన్నం తినుపో.