రెప్ప వెయ్యని తరగతి

(బడి వదిలిన వేళ. హెడ్ మేడం గది. బల్లకు అటు మేడం, ఇటు పదో తరగతి లెక్కల మాస్టారు.)

“నిలబడ్డారేంటి మాస్టారూ, కూర్చోండి. ఇవాళ మీరు కూర్చోవాల్సిన రోజు.”

“ఫర్వాలేదు మేడం. పోయిన నెల ఇక్కడే అరగంట నిలబెట్టారుగా, మోకాళ్ళకి అలవాటైపోయింది.”

“అది పోయిన నెల. అప్పుడు మీ తరగతికి శ్రద్ధ పదకొండు శాతం. ఇప్పుడు చూడండి ఈ ఫోను. వందకి వంద! నాలుగు రోజులుగా వందే!”

“వంద కాస్త ఎక్కువేమో మేడం.”

“ఎక్కువేంటి? కొత్త బోర్డు మీది కెమెరా స్వయంగా చూసింది. నలభై మంది పిల్లలూ చూపు తిప్పలేదు. రెప్ప కూడా వెయ్యలేదట! బంగారు చుక్క పెట్టింది మీకు. కంప్యూటర్ మాస్టారు ఆటలాడించి, పాటలు పెట్టి, బెలూన్లు పేల్చినా డెబ్బై దాటలేదు. ఏం చేశారు మీరు?”

“లెక్కలు చెప్పాను.”

“పదకొండు వచ్చినప్పుడూ అదేగా చెప్పింది?”

“అప్పుడూ అవే లెక్కలు.”

“మరి ఈ తేడా ఎక్కణ్ణుంచి ఊడిపడింది?”

“బోర్డు... బోర్డు బాగా వెలుగుతోంది మేడం.”

“దాని మీద దుప్పటి కప్పెయ్యమని నన్ను వేధించింది మీరే!”

“ఆ ఎలుగుబంటి మూలంగా. నా పద్ధతి తెలుసుగా మీకు. నోటిలెక్క చెయ్యాలంటే పిల్లలు కళ్ళు మూసుకోవాలి. లోపలి పలక కనపడాలంటే బయటి తలుపులు వెయ్యాలి. ‘పదిహేడు పదమూళ్ళు’ అంటాను. అందరూ మూస్తారు. సగం మంది మూస్తే చాలు, వీళ్ళు నిద్రపోయారని బోర్డు తెర మీదికి ఎలుగుబంటి బొమ్మని తోలుతుంది. అది బోరున ఏడుస్తుంది. ‘లేవండి తమ్ముళ్ళూ, చదువు పారిపోతోంది’ అని. పారిపోయేది చదువు కాదు, లెక్క.”

“పిల్లల్లో ఉత్సాహం నింపడానికి పెట్టింది దాన్ని.”

“ఉత్సాహమంతా దానికే ఉంది మేడం.”

“సరే, ఇప్పుడు ఏడవట్లేదుగా?”

“ఏడవట్లేదు. మూల కూర్చుని చప్పుడు చెయ్యకుండా తల ఊపుతోంది.”

“చూశారా! ఇక అసలు సంగతి. ఆఫీసరు గారు ఫోన్ చేశారు.”

“బడికొస్తున్నారా?”

“బడికెందుకు రావడం? బళ్ళన్నీ ఆయన ఫోన్లోనే ఉన్నాయి. మీ వంద చూసి కుర్చీలోంచి లేచారట. సోమవారం నుంచి మీరు శిక్షకులు. ఊరూరా తిరిగి టీచర్లకి మీ కిటుకు నేర్పాలి.”

“ఎన్నాళ్ళు?”

“ఏడాది.”

“పరీక్షలకి ఏడు వారాలే ఉంది మేడం! నా పదో తరగతి?”

“కంప్యూటర్ మాస్టారు చూసుకుంటారు.”

“పదకొండు వచ్చినప్పుడూ ఆయనకే ఇస్తానన్నారు!”

“అది శిక్ష. ఇది గౌరవం.”

“గెంటేసినా పల్లకీలో మోసుకుపోయినా నేను గది దాటినట్టే కదమ్మా! ఇప్పుడిప్పుడే బీజగణితం అంటే భయం పోయింది వాళ్ళకి. నడి ఏట్లో చెయ్యి వదిలెయ్యమంటారా?”

“నా చేతుల్లో ఏముంది? అరవైకి తగ్గి, నెల తిరిగేలోపు పెరక్కపోతే మాస్టారిని మార్చాలి. ఐదు రోజులు వరసగా తొంభై దాటితే శిక్షకుణ్ణి చెయ్యాలి. అది రూలు. రేపటితో మీకు ఐదు.”

“వద్దని రాయండి.”

“కారణం ఏమని రాయను?”

“ఆ వంద... నిజం కాదని.”

“మెషిన్ అబద్ధం చెప్తుందా?”

“దానికి ఏం కనపడితే అదే చెప్పింది పాపం.”

“తిన్నగా చెప్పండి మాస్టారూ, నాకు చెమటలు పడుతున్నాయి.”

“రెప్పల మీద కళ్ళు గీసుకున్నారు.”

“ఎవరు?”

“పిల్లలు.”

“ఏం గీసుకున్నారు?”

“కళ్ళు. కాటుక పెన్సిలుతో. రెండో బెంచీలో బొమ్మలేసే పిల్ల లేదూ, అది గీసింది నలభై మందికీ. నల్లగుడ్డు, అందులో ఆవగింజంత మెరుపు. కళ్ళు మూస్తే తెరిచినట్టే ఉంటాయి.”

“మీరు గీసుకోమన్నారా?”

“రామ రామ! నన్ను తీసేస్తారని వాళ్ళకెలాగో తెలిసింది. మొదటి రోజు నేనే హడలిపోయాను మేడం. పదిహేడు పదమూళ్ళు అన్నాను. ఎనభై కళ్ళు నన్నే గుడ్లప్పగించి చూస్తున్నాయి, ఒక్కటీ కదలదు. చివరి బెంచీ వాడిది ఒక కన్ను పైకప్పు వైపుంది.”

“చూసి, కడుక్కోమనలేదా?”

“అనబోయాను. ఈలోపు ‘రెండొందల ఇరవై ఒకటి’ అన్నాయి నలభై గొంతులు. ఒక్కసారిగా. మధ్యలో ఎలుగుబంటి గోల లేదు. నెల రోజుల తర్వాత విన్నాను మేడం ఆ మాట. వెంటనే తర్వాతి లెక్క ఇచ్చేశాను.”

“నాలుగు రోజులు!”

“నాలుగు రోజులూ చూసి ఊరుకున్నాను. తప్పు నాది. పిల్లల పేర్లు మాత్రం రాయకండి.”

“నిజం రాస్తే రేపటి నుంచి మళ్ళీ పదకొండు. మిమ్మల్ని తీసేస్తారు. రాయకపోతే వంద. తీసుకుపోతారు.”

“ఎటు తిరిగినా గోడే.”

“ఆగండి, ఆలోచించనివ్వండి. ఆ కెమెరా ఒక్కొక్కళ్ళనీ విడిగా లెక్కపెడుతుందా?”

“విడిగానే. తెరిచిన వాళ్ళెందరు, మూసిన వాళ్ళెందరు అని చూసి శాతం కడుతుంది. ఎందుకు?”

“నలభైలో అరవై ఐదు శాతం ఎంత?”

“ఇరవై ఆరు.”

“అరవై ఐదు వచ్చినవాడి జోలికి ఎవరూ రారు మాస్టారూ. రేపు ఇరవై ఆరుగురినే గీసుకోమనండి.”