శ్యాంబాబు గారి రొయ్యల రైలు

గుడివాడ స్టేషన్ ఎదురుగా అన్నమ్మ టీకొట్టు. పొద్దున్నే బల్ల మీద కృత్తివెన్ను రొయ్యల వ్యాపారి, ఆరు లారీల ఓనరు శ్యాంబాబు గారు కూర్చున్నారు. పక్కన యాకోబు, పదేళ్ళు ఆయన లారీ తోలి మానేసినవాడు. టీ చేతికి రాగానే శ్యాంబాబు గారు అందుకున్నారు.

"గూడ్సు రైళ్ళు ప్రైవేటు వాళ్ళూ నడుపుకోవచ్చని గవర్నమెంటు అనగానే, ఒక కంపెనీ వాళ్ళు తిన్నగా ఇక్కడికే వచ్చారమ్మా. నేను పెద్దగా చేసిందేం లేదు, ఒక్క సలహా ఇచ్చానంతే. 'అయ్యా, మా రొయ్యలు వైజాగు పోర్టుకి లారీల్లో వెళ్తున్నాయి, డీజిలు పొగకి జనం దగ్గి చస్తున్నారు, కరెంటు ఇంజను తగిలించి ఐసు పెట్టెల బండి ఒకటి వెయ్యండి' అన్నాను."

"వేశారాండీ?" అంది అన్నమ్మ.

"వెయ్యకేం! నలభై లారీల సరుకు ఒక్క బండిలో. పచ్చజెండా ఊపిందెవరు? నేనే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరిగేసరికి హైవే మీద లారీ అన్నది లేదు. రైతులు రోడ్డు పక్కన కాదు, నడిమధ్యన ధాన్యం ఆరబోసుకుని దాని మీదే నిద్రపోయారు. నెలకల్లా పొగంతా పోయి, గుడివాడలో మేడెక్కితే బందరు లైట్‌హౌసు కనపడింది. దివిసీమలో కొంగలు తెల్లబడ్డాయి. ఇన్నాళ్ళూ మనం కాకులనుకున్నవి కాకులు కావమ్మా, కొంగలు!"

అన్నమ్మ నవ్వాపుకోలేక గరిటె వదిలేసింది.

"నవ్వకు. ఆ గాలికి ఐసులో ఉన్న రొయ్యలు తుని దగ్గర లేచి కూర్చున్నాయి. వైజాగులో దిగి, మా ఊరి గాలే బాగుందని అదే బండికి తిరిగొచ్చి చెరువుల్లో దూకాయి. ఆఖరికి కరెంటు కూడా దండగని ఇంజనే తీసేయించాను. సముద్రం గాలే నెట్టుకుపోయేది బండిని! మన గాలి డబ్బాల్లో పట్టుకెళ్తామని ఢిల్లీ వాళ్ళు వస్తే, నేనే ఇవ్వనని..."

"బాబుగారూ," అన్నాడు యాకోబు. "ఆ కంపెనీ వాళ్ళొచ్చిన రోజు మీ వెనకాలే నిలబడ్డానండీ. ఏటా ఇంత సరుకిస్తామని వ్యాపారులందరూ రాసిస్తే బండి వేస్తామన్నారు. అందరూ సంతకాలు పెడుతున్నారు. మీ వంతు వచ్చేసరికి, 'రైలొస్తే నా లారీలేమైపోవాలి?' అని కాగితం అవతలికి నెట్టేశారు. మిమ్మల్ని చూసి, అప్పటికే పెట్టినవాళ్ళూ తమ సంతకాలు కొట్టేశారు. ఏ బండీ రాలేదు."

ఆ నాలుగు మాటలకే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయనే డాక్టరు అతన్ని లారీ దింపేశాడు.

శ్యాంబాబు గారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"నిరుడు ఆ కంపెనీ వాళ్ళకి నేనే ఫోన్ చేశాను యాకోబూ. మళ్ళీ రమ్మన్నాను. ఇప్పుడు వీలుకాదన్నారు." గొంతు తగ్గింది. "ఆ రోజు నా మీద నీకు కోపం రాలేదా?"

"కోపమాండీ? నా డ్రైవరు ఉద్యోగం నిలబడిందనుకున్నాను. సాయంత్రం బందరు లడ్డూలు కొని ఇంటికి పట్టుకెళ్ళాను."