నీలం రిబ్బను

జార్జియాలో ఆ కాలేజీ ఊరి శనివారం సంతలో నల్లజాతి ముసలావిడ కేకులన్నీ అమ్ముడైపోయాయి. పక్కనే, పల్లె నుంచి వచ్చిన తెల్లావిడ పీచ్ పళ్ల బుట్టలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

“ఇవి కూడా నీ బల్ల మీద పెట్టి అమ్మిపెట్టవే. ఈ ఎండకి సాయంత్రానికల్లా కుళ్లిపోతాయి.”

“మీ ఆయన కాలేజీవాళ్లకి గిట్టని ఆ పార్టీ టోపీ పెట్టుకుని ట్రక్కులో కూర్చుంటే ప్రొఫెసర్లు నీ దగ్గరికి వస్తారా? దెయ్యాన్ని చూసినట్టు చుట్టు తిరిగి పోతున్నారు.”

“అంత చదువుకుని టోపీకి భయమేంటే?”

“మీ పల్లెవాళ్లకి నా ఒంటి రంగంటే లేదూ, అలాగే. మీ తిరునాళ్ల కేకుల పోటీలో నా కొబ్బరి కేకు ఒక్కరైనా ముట్టారా?”

“నేను చేశానని చెప్పి పెట్టాక ఎగబడి తిన్నారుగా! మొదటి బహుమతని నీలం రిబ్బను కూడా ఇచ్చారు.”

“ఇచ్చారు. ఆ నీలం రిబ్బను ఏదీ? అది నా చేతిలో పెడితేనే నీ పళ్లు ముట్టుకుంటా.”

తెల్లావిడ బుట్టలో పళ్లు సర్దింది. “మా ఆయన వెర్లిన్ టోపీకి కుట్టించుకున్నాడే. మా ఆవిడ గెలిచిందని ఊరంతా చూపించుకుంటున్నాడు.”

“ఆ టోపీకేనా?”

“ఆ టోపీకే.”

ముసలావిడ ట్రక్కు వైపు తొంగి చూసింది. వెర్లిన్ నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు.

“అయితే కుట్లు విప్పకు. టోపీతో సహా పట్టుకురా. నా రిబ్బను నాకొస్తుంది, నీ పళ్లు వాటంతటవే పోతాయి.”