రాయి తగిలే తావు

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు. సోమవారం అక్కడి కోర్టులో వాయిదా ఉందనగా శుక్రవారం మధ్యాహ్నం, ఓర్వకల్లు దగ్గరి ఒక పల్లెలో బొజ్జన్న గొడ్ల కొట్టానికి లోపలి నుంచి గడియ పెట్టి, రెడ్డి ఇచ్చిన పిస్తోలు పట్టుకుని నిలబడ్డాడు. గురి పెట్టింది ఎదుటి గోడకు ఆనుకున్న పెండ్లాం హులిగెమ్మకు. పిస్తోలులో గుండ్లు లేవు. ఉన్నా ఇంతకన్నా భయపడి ఉండడు.

"ఇంగోతూరి తెరిసి సూపియ్యి."

"మూడు తూర్లు సూపిస్తి కదే. ఆరు బొక్కలూ వట్టివే. గుండ్లు ఆ గూట్లో, మూటలో ఉండాయి."

"నా కోసరం కాదులే. నీ సెయ్యి కుదుటపడ్తాదేమోనని."

"కుదుటపడనీకి ఇదేమన్నా కట్టెనా, గొడ్డలా? పదైదేండ్లు కట్టె పట్టుకోని రెడ్డి ఎనకాల తిరిగినోణ్ణి. వారం కింద ఈ ఇనుము సేతిలో పెట్టి, బొజ్జా ఇంగ దీంతోనే, అనె."

"బొక్కకానీ బిళ్ళ పెట్టినావా?"

"పెట్టినా, గొట్టం కొన మీద. పొద్దున గోడకు బొగ్గుతో సున్న సుట్టి నలభై తూర్లు నొక్కితి. బిళ్ళ ఒక్కతూరన్నా పడలేదు, సెయ్యి ఇంత గూడ అదరలేదు. రెడ్డి సూసి శబాష్ అనె."

"గోడకేమి, గోడకు కండ్లుంటాయా?"

"అందుకే కదా నిన్ను నిలబెట్టిండేది. మనిషిని సూసి నొక్కు, అప్పుడు సెప్పు, అన్నాడు రెడ్డి."

"కానియ్ మరి."

"మెడ యాల వంకర పెట్టినావు?"

"పెట్టినానా?"

"పెట్టినావు. మీ యన్న మెడ నిటారుగా ఉంటాది. మిలిటరీలో పన్జేసొచ్చిన మనిషి."

"మర్సిపోయినా. ఇప్పుడు సరిపాయనా? నొక్కు."

"ఉండు... ఉండు... థూ! పడిపాయ."

"మీట నొక్కకముందే పడిపాయ."

"నువ్వు కండ్లార్పితివి."

"ఆర్పలేదు."

"ఆర్పితివి హులిగీ, నేను సూస్తి."

"ఆర్పితే ఆర్పితిలే. సోమారం మా యన్న ఆర్పడా? ఆయప్పకు రెప్పల్లేవా?"

"మెల్లగ! అవతల రెడ్డి మనిషి కూసోనుండాడు."

"ఉండనీ. రెడ్డి ఏం సెప్పినాడో ఇంగోతూరి అను."

"తెల్సిందే కదా, మళ్ళా యాల?"

"నోటితో అను. నీ వేలికి యినపడల్ల."

"మీ పుట్టినూరి రెడ్డి వాయిదాకు వస్తాడు. బస్సులోంచి ఆయన కంటే ముందర మీ యన్న మారెన్న దిగుతాడు. మారెన్న పడ్తే ఆ రెడ్డికి కుడిసెయ్యి తెగినట్టే అన్నాడు. సాలా?"

"ఆడ మా యన్నకు గూడ ఇదే మాట సెప్పింటారు. బొజ్జన్న పడ్తే సాలని."

"సెప్పింటారులే."

"ఎవురు ముందర నొక్కితే వాళ్ళు ఇంటికొస్తారు. అంతేనా?"

"అంతే."

"అయితే బిళ్ళ పెట్టుకో. మళ్ళా."

"ఒక మాట అడుగుతా, నిజం సెప్తావా? బుధవారం దాకా నా కాళ్ళు పట్టుకోని ఏడుస్తివి. మా యన్న జోలికి పోతే బాయిలో పడ్తా అంటివి. నిన్న పొద్దున పుట్టింటినుంచి వస్తివి, వచ్చినప్పటినుంచి నొక్కు, నొక్కు అంటాండావు. ఏమైంది నీకు?"

"ఏమి కాలేదు."

"మీ వదిన కాన్పు కష్టమని పోతివి. బిడ్డ ఏమన్నా..."

"వదిన బాగుండాది. ఎండ పడమట తిరుగుతాంది, పెట్టుకో."

"నిన్ను సూస్తే వేలు రాదు. ఆ రుమాలు తల నిండా కట్టు. మొగం సగం కనపడకుంటే మేలేమో."

"ఇట్లనా?"

"అబ్బా! మొగోళ్ళు కట్టినట్టే కడ్తివే. యాడ నేర్చుకుంటివి?"

"పదేండ్లాయ నిన్ను సూడబట్టి."

"ఉండు, అది నా ఎర్రంచు రుమాలు కదా? రెండు దినాలాయ దాన్ని ఎతకబట్టి. యాడుండె?"

"నా మూటలో ఉండె. ఎండకని కప్పుకోని పోతి. పెట్టుకో అంటే!"

"పెట్టినాలేవే. సూడు, దీని సంగతి సెప్తా. మీట మీద వేలు పెడ్తానే ముందర ఒదులుగా పోతాది. సాలు తోలినట్టు పోతాది. నడాన..."

"నడాన రాయి తగిలినట్టు ఆగుతాది. ఆడ నిలపాకు. నిలిపితే సెయ్యి అదురుతాది. ఊపిరి సగం ఇడిసి, రాయి తగిల్నా తగల్నట్టే, ఒకే బిగిన లాక్కో."

"...నీకెవురు సెప్పిరి?"

"నువ్వే. నిద్దట్లో."

"ఊపిరి సంగతి నాకే తెలీదు. రెడ్డి గూడ సెప్పలేదు."

"యాడనో యింటి. లాగు."

"లాగుతాండా... వస్తాంది... ఆ తావు వచ్చె."

"ఆడ ఆపాకు."

"ఆపలేదే, అదే ఆగిపాయ. నాగలి రాయికి తగిలితే ఎద్దులు ఏం జేస్తాయి? నిలబడ్తాయి. నా వేలు అట్ల నిలబడింది. మనిషి కనపడితే నిలబడ్తాది. నేనేం సేతు?"

"మళ్ళా."

"పదోతూరి ఇది."

"పదకొండోది. మళ్ళా."

"హులిగీ, నా వల్ల కాదు. ఎద్దునన్నా కొట్టొచ్చు, వేలిని కొట్టలేను."

"బళ్ళారికి పోదాం పా. ఇట్ల దొడ్డిదోవన పోదాం."

"బయట కూసున్నోడు ఎవురనుకుంటివి, సుట్టమనుకుంటివా? నేను పోతే రేపు మా యమ్మ గుడిసె ఉండాదా? మా తమ్ముడుండాడా? రెడ్డికి ఎరిక లేని తావు బళ్ళారిలో యాడుండాది?"

"అయితే ఆ వేలిని సరిజేసుకో. నాకు ఇంగో దోవ తెలీదు. మొక్కని దేవుడు లేడు, పట్టని కాళ్ళు లేవు."

"ఎవురి కాళ్ళు పట్టుకుంటివి? అట్ల ఏడ్వాకు. యిను. నాకేం బయం లేదు. సెప్పనా ఎందుకో? ఎవురికీ సెప్పలేదు ఇది. కూసో, యిను. మీ యన్న నాకు పిల్లనిచ్చినోడు. గంజి కేంద్రాల కరువులో ఇద్దరం ఒక బొచ్చెలో తాగితిమి. ముందర నువ్వు తాగు బావా అంటే, నువ్వు తాగు బొజ్జా అని, అట్ల అట్లే గంజి సల్లారిపాయ. ఆయప్ప నన్ను సూసి నొక్కుతాడా? ఆయప్పకు గూడ ఆ రాయి తగుల్తాది. నా వేలు నిలబడితే ఆయప్ప వేలు నిలబడకుండా ఉంటాదా? ఇద్దరం ఒగరి మొగం ఒగరు సూస్తాము, ఇద్దరం పైకి కాలుస్తాము. రెడ్లు తిడ్తే తిట్టనీ, కొడ్తే కొట్టనీ. ఇదే నా దైర్నం. ఈ వేలు పలకలేదని నాకు లోపల సంతోసంగా ఉండాది, తెల్సునా?"

"నేను గూడ అట్లే అనుకుంటి."

"అనుకుంటి అంటావేమి? అనుకో."

"అది తెల్సుకోనొద్దామనే పోతి మా ఊరికి."

"వదిన కాన్పుకని కదా పోతివి?"

"కాన్పుకు ఇంగా నెలుండాది. నేను పోయేతలికి వదిన ఏడుస్తాంది. నిండు సూలాలు, నడుము పట్టుకోని, నేను నిలబడలేనయ్యా అని మొత్తుకుంటాంది."

"నిలబడలేనా? యాడ?"

"గోడకు."

"...గోడకు?"

"వాళ్ళ కొట్టంలో గూడ గోడుండాది, బొగ్గుసున్న ఉండాది. మా యన్న కాళ్ళు పట్టుకుంటి. అమ్మీ, ముందర బొజ్జన్న నొక్కితే నా పిల్లల గతేమి, అనె. నొక్కడన్నా, ఆయప్ప వేలు నిలబడ్తాదన్నా, అంటి. నమ్మలేదు."

"మళ్ళా?"

"వదినా నువ్వు కూసో, నేను నిలబడ్తా, అంటి. నన్ను సూస్తే నొక్కడులే అనుకుంటి, ఎత్తుకోని పెంచిన సెల్లెల్ని. ఈ రుమాలు నీ మాదిరి కట్టుకుంటి. నీ మాదిరి మెడ వంకర పెట్టి నిలబడ్తి. అన్నా, ఈడుండేది బొజ్జన్న, బాగ సూడు, అంటి."

"సూసెనా?"

"సూసె. కండ్ల నీళ్ళు గడ్డం దాకా కారె. ఊపిరి సగం ఇడిసె."

"హులిగీ..."

"మూడు తూర్లు టక్కుమనె. బిళ్ళ పడనే లేదు. మా యన్నకు ఆ రాయి తగల్నే లేదయ్యా."